చెట్ల మధ్య నుంచి దూర వైర్‌లెస్ అనుసంధానం: నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట ప్రాంతాలకు ఒక అధ్యయన పాఠం

పరిచయం

దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతంలో విత్తనం వేసే నిర్ణయం కొద్ది రోజుల వ్యవధిలో జరిగిపోతుంది. 60 నుంచి 75 మిల్లీమీటర్ల వర్షం కురిసి, నేల తగినంత లోతుకు తడిసిన తర్వాతే పత్తి విత్తుకోవాలని శాస్త్రవేత్తలు సూచిస్తారు. తొలకరి జల్లుకే తొందరపడి విత్తిన రైతు, ఆ తర్వాత పక్షం రోజులు వాన జాడ లేకపోతే, విత్తనాన్ని మళ్లీ కొనవలసి వస్తుంది. ఏ ఊరిలో ఎంత వాన కురిసింది, ఏ చెలకలో ఎంత తేమ ఉంది అన్న సమాచారం ఆ కొద్ది రోజుల్లోనే చేతికి అందాలి. ఆలస్యంగా వచ్చిన కొలత పరిశోధన నివేదికకు ఉపయోగపడవచ్చు గాని, రైతుకు ఉపయోగపడదు.

సమాచారాన్ని గ్రామం దాకా తీసుకువెళ్లే ప్రయత్నం ఈ ప్రాంతానికి కొత్త కాదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో ‘వాసత్’ అనే సమాచార విద్యా కార్యక్రమాన్ని మహబూబ్‌నగర్ జిల్లా అడ్డాకల్ మండలంలో, ఆదర్శ మహిళా సమాఖ్య ఆధారంగా నిర్వహించింది. గ్రామీణ మహిళలే సమాచార వారధులుగా నిలిచి, గ్రామాల వారీగా కరవు తీవ్రతను రంగుల పటాల ద్వారా రైతులకు వివరించారు. కేంద్రం నుంచి మండలానికి సమాచారం చేరడం ఒక మెట్టు, మండలం నుంచి పొలానికి చేరడం మరొక మెట్టు అని ఈ అనుభవం తెలియజేస్తుంది.

నేడు మొదటి మెట్టు చాలావరకు తీరింది. భారత్‌నెట్ పథకం గ్రామ పంచాయతీల దాకా ఆప్టికల్ ఫైబరు తీగను తీసుకువస్తోంది. తెలంగాణలో మిషన్ భగీరథ నీటి గొట్టాల కోసం తవ్విన కాలువల్లోనే టీ-ఫైబర్ గొట్టాలను కూడా వేశారు. పంచాయతీ కార్యాలయం నుంచి ఐదారు కిలోమీటర్ల దూరంలో ఉన్న ప్రదర్శన క్షేత్రానికి, వాటర్‌షెడ్‌లోని కొలత గుంటకు, తోటలోని తేమ గ్రాహకానికి అనుసంధానం కల్పించడం మాత్రం ఇంకా స్థానికంగా పరిష్కరించుకోవలసిన సమస్యే. అంత దూరం తీగ లాగడం ఖర్చుతో కూడిన పని కాబట్టి వైర్‌లెస్ అనుసంధానం సహజంగా ముందుకు వస్తుంది. ఆ దారిలో అడ్డు నిలిచేవి చింత, వేప, కానుగ, మామిడి, నీలగిరి, తాటి చెట్లు. వీటిని దాటి అనుసంధానాన్ని నెలకొల్పే విధానాన్ని విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

దూరం కంటే అడ్డే ప్రధానం

వైర్‌లెస్ సంకేతం దూరం వల్ల బలహీనపడుతుందన్నది అందరికీ తెలిసిన విషయమే. అయితే దూరం వల్ల కలిగే నష్టాన్ని లెక్కించవచ్చు, భరించవచ్చు కూడా. 2007లో వెనిజులాలో ఎర్మాన్నో పియెట్రోసెమోలి బృందం సాధారణ వై-ఫై పరికరాలతో 382 కిలోమీటర్ల దూరాన్ని అనుసంధానించింది. రెండు కొనలూ ఎత్తైన పర్వతాల మీద ఉండటం, నడుమ ఏ అడ్డూ లేకపోవడం అందుకు ప్రధాన కారణాలు. అవే పరికరాలు దట్టమైన మామిడి తోపును దాటవలసి వస్తే కొన్ని వందల మీటర్ల లోపే విఫలం కావచ్చు.

మన దేశంలోనూ ఇందుకు అనుభవం ఉంది. 2002 ప్రాంతంలో ఉత్తరప్రదేశ్‌లో ఐఐటీ కాన్పూర్ చేపట్టిన డిజిటల్ గాంజెటిక్ ప్లెయిన్స్ ప్రయోగం, పశ్చిమ గోదావరి జిల్లాలో బిర్రాజు ఫౌండేషన్ నిర్వహించిన ‘అశ్విని’ కార్యక్రమం, తమిళనాడులో తేని ప్రాంతపు కంటి చికిత్సా కేంద్రాలను అరవింద్ ఆసుపత్రితో కలిపిన దూర వై-ఫై వ్యవస్థ ముఖ్యమైనవి. ఈ అనుభవాల ఆధారంగా భాస్కరన్ రామన్, కామేశ్వరి చేబ్రోలు, సాయన్‌దీప్ సేన్ వంటి పరిశోధకులు చేసిన అధ్యయనాల్లో ఒక ఆర్థిక విషయం స్పష్టమైంది. ఇటువంటి వ్యవస్థలో రేడియో పరికరం ధర కంటే యాంటెనాను పైకెత్తే స్తంభం ధరే భారమవుతుంది. స్తంభం ఎత్తును నిర్ణయించేది నేల ఎత్తుపల్లాలు, చెట్ల ఎత్తు. కొబ్బరి చెట్లతో నిండిన సమతల డెల్టాలో ఎత్తైన స్తంభం తప్ప మరో మార్గం దాదాపు ఉండదు. గుట్టలతో నిండిన నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టల్లో పరిస్థితి వేరు. ఇక్కడ ప్రకృతే సగం స్తంభాన్ని నిలబెట్టింది.

దృష్టిరేఖ, ఫ్రెనెల్ మండలం

ఒక కొన నుంచి చూస్తే రెండో కొన కంటికి కనబడితే చాలు, అనుసంధానం కుదురుతుందని తరచుగా భావిస్తారు. ఇది పాక్షిక సత్యం మాత్రమే. రేడియో తరంగం సన్నని దారంలా సాగదు. రెండు యాంటెనాల నడుమ, రెండు కొనల వద్ద సన్నగా, మధ్యలో లావుగా ఉండే కండె ఆకారంలో వ్యాపిస్తూ సాగుతుంది. ఈ ప్రదేశాన్నే మొదటి ఫ్రెనెల్ మండలం అంటారు. దీని వ్యాసార్ధంలో కనీసం 60 శాతం మేర అడ్డు లేకుండా ఉంటే సంకేతం దాదాపు ఖాళీ ఆకాశంలో సాగినట్టే సాగుతుంది.

వ్యాసార్ధం (మీటర్లలో) = 17.32 × √[(దూ1 × దూ2) ÷ (మొత్తం దూరం × పౌనఃపున్యం)]

ఇక్కడ దూ1, దూ2 అనేవి పరిశీలిస్తున్న బిందువు నుంచి రెండు కొనలకు గల దూరాలు, కిలోమీటర్లలో. పౌనఃపున్యం గిగాహెర్ట్జ్‌లలో. 10 కిలోమీటర్ల అనుసంధానంలో మధ్య బిందువు వద్ద వచ్చే విలువలు ఇవి:

0.866 గిగాహెర్ట్జ్: వ్యాసార్ధం 29.4 మీటర్లు, అందులో 60 శాతం 17.7 మీటర్లు
2.4 గిగాహెర్ట్జ్: వ్యాసార్ధం 17.7 మీటర్లు, అందులో 60 శాతం 10.6 మీటర్లు
5.8 గిగాహెర్ట్జ్: వ్యాసార్ధం 11.4 మీటర్లు, అందులో 60 శాతం 6.8 మీటర్లు

దీనికి భూమి వంపును కూడా కలపాలి. వాతావరణంలో తరంగం కొద్దిగా వంగి సాగే సాధారణ పరిస్థితిలో 10 కిలోమీటర్ల మార్గం మధ్యలో ఈ వంపు సుమారు 1.5 మీటర్లు. దూరం పెరిగే కొద్దీ ఇది దూరపు వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. 20 కిలోమీటర్ల మార్గంలో మధ్య వద్ద సుమారు 6 మీటర్లకు చేరుతుంది.

చెట్టు సంకేతాన్ని ఎలా తగ్గిస్తుంది?

సస్యశాస్త్ర విద్యార్థికి చెట్టు అంటే కాండం, కొమ్మలు, ఆకులు, వాటిలోని నీరు. రేడియో తరంగానికి కూడా అంతే. పచ్చి ఆకు బరువులో అధిక భాగం నీరు. నీటి విద్యుత్ స్వభావం గాలి స్వభావానికి ఎంతో భిన్నమైనది కావడం వల్ల తరంగశక్తిలో కొంత ఆకులో వేడిగా మారిపోతుంది, మరికొంత నలుదిక్కులకూ చెదిరిపోతుంది. తరంగదైర్ఘ్యం ఆకు పరిమాణానికి దగ్గరయ్యే కొద్దీ ఈ చెదరడం ఎక్కువవుతుంది. 5.8 గిగాహెర్ట్జ్ వద్ద తరంగదైర్ఘ్యం సుమారు 5 సెంటీమీటర్లు, 2.4 వద్ద 12.5 సెంటీమీటర్లు, 0.866 వద్ద సుమారు 35 సెంటీమీటర్లు. తక్కువ పౌనఃపున్యం ఆకుల గుండా మెరుగ్గా సాగడానికి ఇదొక కారణం.

ఈ నష్టాన్ని అంచనా వేయడానికి 1982లో వీస్‌బెర్గర్ ప్రతిపాదించిన సూత్రం నేటికీ వాడుకలో ఉంది. ఆకులతో నిండిన దట్టమైన చెట్ల గుండా తరంగం సాగే లోతును బట్టి ఆ సూత్రం ఇచ్చే క్షీణత డెసిబెల్‌లలో ఇలా ఉంటుంది:

10 మీటర్ల లోతు: 0.866 గిగాహెర్ట్జ్ వద్ద 4.3, 2.4 వద్ద 5.8, 5.8 వద్ద 7.4
50 మీటర్ల లోతు: 12.7, 17.0, 21.9
100 మీటర్ల లోతు: 19.2, 25.6, 32.9

డెసిబెల్ లెక్కకు అలవాటు లేని పాఠకులు ఒక విషయం గుర్తుంచుకోవాలి. ప్రతి 3 డెసిబెల్‌ల నష్టానికి సంకేతశక్తి సగమవుతుంది, ప్రతి 10 డెసిబెల్‌లకు పదో వంతు అవుతుంది. 50 మీటర్ల మామిడి తోపు 2.4 గిగాహెర్ట్జ్ సంకేతాన్ని యాభయ్యో వంతుకు తగ్గిస్తుందన్నమాట. ఈ సూత్రం పొడిగా ఉన్న ఆకులకు వర్తిస్తుంది, అదీ సమశీతోష్ణ మండలపు చెట్ల కొలతల ఆధారంగా రూపొందింది. వానకు తడిసిన ఆకులు ఇంకా ఎక్కువ శక్తిని మింగుతాయి. గాలికి ఊగే కొమ్మలు సంకేతాన్ని క్షణక్షణానికీ హెచ్చుతగ్గులకు గురిచేస్తాయి. అందుచేత పై విలువలను కనీస అంచనాలుగా మాత్రమే స్వీకరించాలి.

చెట్ల స్వభావం, రుతువుల ప్రభావం

సర్వే ఏ నెలలో చేశారన్నదే అనేక అనుసంధానాల జయాపజయాలను నిర్ణయిస్తుంది. వేసవిలో పొలాలు ఖాళీగా ఉంటాయి, దారులు పొడిగా ఉంటాయి, సిబ్బందికి తీరిక ఉంటుంది. కనుక సర్వేలు సాధారణంగా ఆ కాలంలోనే జరుగుతాయి. ఫిబ్రవరి నుంచి మే వరకు టేకు చెట్లు మోడుల్లా నిలబడతాయి. మోదుగ ఆకు రాల్చి పూస్తుంది. వేప ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకు రాలుస్తుంది. అప్పుడు కొలిచిన సంకేతం బలంగా కనిపిస్తుంది. జూన్‌లో తొలకరి పడగానే టేకు వెడల్పైన ఆకులు తొడుగుతుంది, వాటి మీద వాననీరు నిలుస్తుంది. సరిగ్గా విత్తే వారంలో, సమాచారం అత్యవసరమైన సమయంలో, అనుసంధానం తెగిపోతుంది. మే నెలలో పనిచేసిన వ్యవస్థ జూలైలో పనిచేయకపోతే దోషం తరచుగా పరికరానిది కాదు, సర్వే జరిగిన నెలది.

ఈ ప్రాంతపు ముఖ్యమైన వృక్షాలను ఈ దృష్టితో ఇలా వర్గీకరించవచ్చు.

మామిడి: ఏడాది పొడవునా దట్టమైన ఆకు ఉంటుంది. కొల్లాపూర్ వైపు పాత తోటలను దాదాపు గోడగానే పరిగణించాలి. వాటి మీదుగా వెళ్లాలి గాని గుండా వెళ్లే ఆలోచన చేయరాదు.

బత్తాయి: ఇదీ నిత్యహరితమే. అయితే ఎత్తు 4 నుంచి 5 మీటర్ల లోపే ఉంటుంది కనుక నల్లగొండ బత్తాయి తోటల మీదుగా రేఖను నడపడం సులభం.

నీలగిరి, సుబాబుల్: వేగంగా ఎదిగే చెట్లు. నాటిన మూడు, నాలుగు సంవత్సరాల్లోనే రేఖకు అడ్డు వస్తాయి. నరికిన తర్వాత మళ్లీ చిగురించి ఎదుగుతాయి. ఇటువంటి తోట ఉన్నచోట నేటి ఎత్తును కాక, కోతకు వచ్చే నాటి ఎత్తును లెక్కలోకి తీసుకోవాలి.

తాటి: ఎత్తు ఎక్కువైనా తల చిన్నది. ఒంటరి తాడును తప్పించడానికి యాంటెనాను కొన్ని మీటర్లు పక్కకు జరిపితే సరిపోతుంది. తాళ్ల వనమైతే నిలువు కాండాల వరుసను గమనించాలి. తక్కువ పౌనఃపున్యాల వద్ద నిలువు కాండాలు నిలువు ధ్రువణాన్ని ఎక్కువగా అడ్డుకుంటాయి కనుక అడ్డ ధ్రువణాన్ని పరీక్షించి చూడటం మంచిది.

రోడ్ల పక్క చెట్లు: 2015లో మొదలైన తెలంగాణకు హరితహారం కార్యక్రమంలో నాటిన మొక్కలు ఇప్పుడు చెట్లవుతున్నాయి. పాత పటాల్లో ఖాళీగా కనిపించే రోడ్డు అంచులు నేడు ఖాళీగా లేవు.

పైరు కూడా అడ్డే అవుతుందన్న సంగతి సస్యశాస్త్రజ్ఞులు మరువరాదు. ఎదిగిన మొక్కజొన్న, కంది, ఆముదం పంటల మధ్య నేలకు అర మీటరు ఎత్తులో అమర్చిన తేమ గ్రాహకపు యాంటెనా పంట ఎదిగే కొద్దీ మూగబోతుంది. గ్రాహకం నేలలో ఉన్నా యాంటెనాను పంట పైతలానికి కనీసం ఒక మీటరు ఎత్తున నిలపాలి.

ఒక ఉదాహరణ లెక్క

ఒక గుట్ట మీద 45 మీటర్ల ఎత్తున ఒక యాంటెనా, 10 కిలోమీటర్ల దూరంలో చదునైన క్షేత్రంలో 9 మీటర్ల గొట్టం మీద రెండో యాంటెనా ఉన్నాయని, పౌనఃపున్యం 2.4 గిగాహెర్ట్జ్ అని అనుకుందాం. నడుమ నేల సమతలమని భావిస్తే, మార్గంలోని ఒక్కో చోట ఎంత ఎత్తు చెట్టును అనుమతించవచ్చో లెక్కించవచ్చు. రేఖ ఎత్తులో నుంచి ఫ్రెనెల్ వ్యాసార్ధంలో 60 శాతాన్ని, భూమి వంపును తీసివేస్తే మిగిలేదే అనుమతించదగిన ఎత్తు.

క్షేత్రం నుంచి 5 కిలోమీటర్ల వద్ద: రేఖ ఎత్తు 27.0, అనుమతించదగిన ఎత్తు 14.9 మీటర్లు
3 కిలోమీటర్ల వద్ద: రేఖ ఎత్తు 19.8, అనుమతించదగినది 8.8 మీటర్లు
2 కిలోమీటర్ల వద్ద: రేఖ ఎత్తు 16.2, అనుమతించదగినది 6.8 మీటర్లు
1 కిలోమీటరు వద్ద: రేఖ ఎత్తు 12.6, అనుమతించదగినది 5.7 మీటర్లు
300 మీటర్ల వద్ద: రేఖ ఎత్తు 10.1, అనుమతించదగినది 6.3 మీటర్లు

ఈ లెక్క ఒక ముఖ్యమైన పాఠం నేర్పుతుంది. మార్గమధ్యంలో 12 మీటర్ల మామిడి చెట్లున్నా, మరో 3 మీటర్లు ఎదిగినా దాదాపు ఇబ్బంది లేదు. కాని పల్లపు కొనకు ఒక కిలోమీటరు దూరంలో ఉన్న అదే 12 మీటర్ల చింతచెట్టు అనుమతించదగిన ఎత్తును బాగా మించి, దాదాపు రేఖను తాకుతూ అడ్డు వస్తుంది. సర్వే బృందం దృష్టి సాధారణంగా దూరంగా కనిపించే తోపు మీద నిలుస్తుంది. నిజానికి ముందుగా పరిశీలించవలసింది పల్లపు కొనకు దగ్గరలోని రెండు కిలోమీటర్ల మేర ఉన్న చెట్లను. గొట్టాన్ని 9 మీటర్ల నుంచి 15 మీటర్లకు పెంచితే కిలోమీటరు వద్ద అనుమతించదగిన ఎత్తు 5.7 నుంచి 11.1 మీటర్లకు పెరుగుతుంది. గొట్టాన్ని క్షేత్రంలోనే మరో గట్టుకు మార్చినా అదే ప్రయోజనం తక్కువ ఖర్చుతో దక్కవచ్చు.

ఇక శక్తి లెక్క. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో ఒక దిశలో వెలువడే శక్తి 4 వాట్లకు, అంటే 36 డీబీఎంకు పరిమితం. 10 కిలోమీటర్ల ఖాళీ మార్గంలో నష్టం 120 డెసిబెల్‌లు. అందుకునే కొనలో 24 డెసిబెల్‌ల లాభమిచ్చే జాలీ యాంటెనా ఉంటే, చేరే సంకేతం 36 − 120 + 24 = మైనస్ 60 డీబీఎం. మైనస్ 90 వరకు అందుకోగల పరికరానికి 30 డెసిబెల్‌ల మిగులు ఉంటుంది. దారిలో 10 మీటర్ల చెట్టు ఒకటి అడ్డు వస్తే 24 మిగులుతుంది, ఫరవాలేదు. 50 మీటర్ల తోపు అడ్డు వస్తే 13 మిగులుతుంది, వానకాలంలో నమ్మలేము. 100 మీటర్లయితే మిగిలేది 4 మాత్రమే, దానిని అనుసంధానం అనలేము.

అవసరాన్ని బట్టి పౌనఃపున్యం

పై లెక్క చూసి నిరాశపడనవసరం లేదు. క్షేత్రం నుంచి ఏమి పంపవలసి ఉందన్నది మొదట తేల్చుకోవాలి. వర్షమానం, నేల తేమ, ఉష్ణోగ్రత వంటి కొలతలకు గంటకు కొన్ని అక్షరాల ప్రసారం చాలు. అందుకు 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ పట్టీలో పనిచేసే లోరా వంటి నెమ్మది ప్రసార పద్ధతులు తగినవి. ఈ పట్టీకి 2005లోనే లైసెన్సు మినహాయింపు లభించింది. లోరా గ్రాహకాలు సుమారు మైనస్ 130 డీబీఎం వరకు బలహీనమైన సంకేతాన్ని కూడా గుర్తించగలవు. 16 డీబీఎంతో వెలువడి, 10 కిలోమీటర్లలో 111 డెసిబెల్‌లు నష్టపోయి, 6 డెసిబెల్‌ల యాంటెనాకు చేరే సంకేతం మైనస్ 89 వద్ద ఉంటుంది. మిగులు సుమారు 41. దారిలో 100 మీటర్ల తోపు 19 డెసిబెల్‌లు మింగినా ఇంకా 22 మిగులుతుంది. అయితే ఈ పౌనఃపున్యంలో ఫ్రెనెల్ మండలం లావుగా ఉంటుందని, నేలకు, గుట్టలకు తగిలే అవకాశం ఎక్కువని పై పట్టిక గుర్తుచేస్తుంది. చెట్ల విషయంలో దొరికిన లాభంలో కొంత నేల విషయంలో పోవచ్చు.

రైతులతో దృశ్య సంభాషణ జరపాలన్నా, తెగులు సోకిన ఆకు చిత్రాలు పంపాలన్నా 2.4 లేదా 5 గిగాహెర్ట్జ్ పట్టీలు అవసరం. 5 గిగాహెర్ట్జ్ పట్టీలను ఆరుబయట వాడటానికి 2018లో విస్తృతంగా మినహాయింపు ఇచ్చారు. ఇక్కడ చెట్ల గుండా వెళ్లే ప్రయత్నం మానుకొని, పైనుంచో పక్కనుంచో వెళ్లాలి. టెలివిజన్ ప్రసారాలకు కేటాయించిన 470 మెగాహెర్ట్జ్‌కు పైబడిన పట్టీలో ఖాళీగా ఉన్న భాగాన్ని గ్రామీణ అనుసంధానానికి వాడే ప్రయోగాన్ని ఐఐటీ బొంబాయి మహారాష్ట్రలోని పాల్ఘర్ ప్రాంతంలో నిర్వహించింది. అది అనుమతితో జరిగిన ప్రయోగం కనుక, మినహాయింపు లేని పట్టీలో ఎవరికి వారు ప్రసారం చేయడం చట్టసమ్మతం కాదని విద్యార్థులు గమనించాలి.

దూరపు వై-ఫైలో మరొక సమస్య కాలానికి సంబంధించినది. 10 కిలోమీటర్లు వెళ్లి రావడానికి తరంగానికి సుమారు 67 మైక్రోసెకన్లు పడుతుంది. ఇంటి వాడకానికి రూపొందిన వై-ఫై అంతసేపు రసీదు కోసం ఎదురుచూడదు. సందేశం చేరలేదని భావించి మళ్లీ పంపుతుంది. అందుచేత పరికరంలో దూరాన్ని నమోదు చేసే సౌకర్యం ఉందో లేదో కొనే ముందే చూసుకోవాలి. సంకేతం బలంగా ఉండి కూడా వేగం రాకపోతే చెట్లను నిందించే ముందు ఈ అమరికను పరిశీలించాలి.

గుట్ట: నరకడానికి ప్రత్యామ్నాయం

చెట్టు అడ్డు వచ్చిందంటే నరికేద్దామన్న ఆలోచన సులభంగా వస్తుంది. ఇది శాస్త్రీయంగానూ, సామాజికంగానూ తప్పు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం చెట్టు నరకడానికి అనుమతి కావాలి. అంతకు మించి, గట్టు మీది చింతచెట్టు ఒక కుటుంబానికి ఏటా పంటనిస్తుంది, కూలీలకు నీడనిస్తుంది. తాటిచెట్టు గీత కార్మికుని జీవనాధారం. చెట్లు పెంచమని రైతులకు చెప్పే విస్తరణ శాఖ తన యాంటెనా కోసం చెట్టు కొట్టిస్తే ఆ ఊరిలో దాని మాటకు విలువ ఉండదు. ఒకటి రెండు కొమ్మలు కత్తిరించవలసి వస్తే యజమాని అంగీకారంతో, చెట్టుకు హాని కలగని కాలంలో చేయించాలి. తిరిగి చిగురు వస్తుంది కనుక అదీ తాత్కాలికమే.

ఈ ప్రాంతపు గ్రానైటు గుట్టలు మెరుగైన మార్గం చూపుతాయి. నల్లగొండ పేరులోనే కొండ ఉంది. దేవరకొండ, కోయిలకొండ వంటి ఊళ్ల పేర్లు కూడా ఈ నేల స్వరూపాన్ని చెబుతాయి. నేరుగా వెళ్లే 10 కిలోమీటర్ల మార్గం తోపులో చిక్కుకున్నప్పుడు, పక్కనున్న బోడగుట్ట మీద పునఃప్రసార కేంద్రం ఒకటి నిలిపి, 7 కిలోమీటర్లు, 6 కిలోమీటర్లుగా రెండు అడ్డులేని మార్గాలు చేయడం మేలు. మొత్తం దూరం పెరిగినా నమ్మకం పెరుగుతుంది. కోటలున్న కొండలపై పురావస్తు శాఖ అనుమతి, అటవీ భూమి అయితే అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్య ప్రాంతంలో టేకు, నల్లమద్ది, వెదురుతో కూడిన అడవి గుండా భూతల అనుసంధానం ఆశించడం కంటే ఉపగ్రహ మార్గాన్నో, మొబైల్ మార్గాన్నో ఆలోచించడం సమంజసం.

గుట్ట మీది కేంద్రానికి సౌర ఫలకం, బ్యాటరీ అవసరం. వరుసగా కొన్ని రోజులు మబ్బు పట్టినా పనిచేసేలా బ్యాటరీ సామర్థ్యం నిర్ణయించాలి. రాతి నేలలో ఎర్తింగు కుదరడం కష్టం కనుక రాగి తీగను మట్టి ఉన్న చోటిదాకా దించి, పిడుగు నుంచి రక్షణ కల్పించాలి. కోతుల బెడద తెలిసినదే కాబట్టి తీగలను ఇనుప గొట్టంలో నడపాలి.

సర్వే విధానం

1. క్షేత్రం నుంచి ఏ సమాచారం, ఎంత తరచుగా, ఏ నెలల్లో తప్పనిసరిగా పంపాలో రాసుకోవాలి. పౌనఃపున్యం ఎంపిక దీని తర్వాతే.

2. స్థలాకృతి పటం మీద రెండు కొనలను కలిపి నేల ఎత్తులను గుర్తించాలి. ఉపగ్రహ ఎత్తు పటాల్లో చెట్ల ఎత్తు కొంత కలిసిపోయి ఉండవచ్చు కనుక వాటిని నేల ఎత్తుగా గుడ్డిగా స్వీకరించరాదు.

3. మార్గం వెంట నడిచి చెట్ల పట్టిక తయారుచేయాలి. జాతి, ఎత్తు, తోపు లోతు, ఆకు రాల్చే నెల, వయసు, యజమాని అభిప్రాయం అందులో ఉండాలి. ఎత్తును నీడతో కొలవవచ్చు. 2 మీటర్ల కర్ర నీడ 1.5 మీటర్లు ఉన్న సమయంలో చెట్టు నీడ 9 మీటర్లు ఉంటే చెట్టు ఎత్తు 12 మీటర్లు.

4. ప్రతి చెట్టు ఉన్న చోట అనుమతించదగిన ఎత్తును లెక్కించి, పల్లపు కొన నుంచి మొదలుపెట్టి పోల్చాలి. ఎదుగుదలకు కనీసం 3 మీటర్లు విడిచిపెట్టాలి.

5. తాత్కాలిక గొట్టాలతో సంకేతాన్ని రెండుసార్లు కొలవాలి. ఒకటి వేసవిలో, రెండోది ఆగస్టులో వాన వెలిసిన వెంటనే. నిర్ణయానికి రెండో కొలతే ప్రామాణికం.

6. స్థిరంగా అమర్చిన తర్వాత రోజువారీ సంకేత బలాన్ని నమోదు చేస్తూ ఉండాలి. నెలనెలా అర డెసిబెల్ చొప్పున తగ్గుతూ పోతే చెట్టు ఎదుగుతోందని, ఒక్కసారిగా పడిపోతే పరికరంలో లోపమని చాలావరకు ఊహించవచ్చు.

పరిశోధనకు అవకాశం

ఇక్కడ సస్యశాస్త్రానికి ప్రత్యేకమైన పాత్ర ఉంది. చెట్ల గుండా సంకేత క్షీణతను అంచనా వేసే సూత్రాలు ఎక్కువగా ఇతర దేశాల వృక్షాల మీద కొలిచినవి. చింత, కానుగ, బత్తాయి, టేకు వంటి మన చెట్లకు, కంది, పత్తి, మొక్కజొన్న వంటి మన పైర్లకు రుతువుల వారీ కొలతలు అవసరం. పత్ర వైశాల్య సూచిక, ఆకులోని తేమ శాతం సస్యశాస్త్ర విద్యార్థులు నిత్యం కొలిచేవే. ఒక తోటకు ఇరువైపులా రెండు చిన్న పరికరాలు నిలిపి, ఏడాది పొడవునా సంకేత బలాన్నీ, పక్కనే ఈ రెండు లక్షణాలనూ నమోదు చేస్తే స్నాతకోత్తర పరిశోధనకు చక్కని అంశమవుతుంది. పాలెం, కంపాసాగర్ పరిశోధనా స్థానాలున్న ఈ మండలంలో, ఒకటి మెట్టలోను, మరొకటి నాగార్జునసాగర్ ఆయకట్టులోను ఉండటం వల్ల, రెండు భిన్న పరిస్థితులను పోల్చే వీలు కూడా ఉంది. సంబంధం స్థిరపడితే తిరోగమన దిశలోనూ ఉపయోగం ఉంది. సంకేతం తగ్గిన తీరును బట్టి తోట ఆకు పట్టిన తీరును, నీటి ఎద్దడిని అంచనా వేయవచ్చు. అడ్డుగా తోచిన చెట్టే అప్పుడు కొలత సాధనమవుతుంది.

ముగింపు

చెట్ల మధ్య నుంచి దూర అనుసంధానం అసాధ్యమూ కాదు, అతి సులభమూ కాదు. కొద్ది కొలతలు పంపడానికి తక్కువ పౌనఃపున్యంతో చెట్ల గుండా వెళ్లవచ్చు. ఎక్కువ సమాచారానికి గుట్టల మీదుగా వెళ్లాలి. రెండు సందర్భాల్లోనూ పల్లపు కొన దగ్గరి చెట్లను ముందు చూడాలి, వానకాలపు ఆకును ప్రామాణికంగా తీసుకోవాలి, ఎదుగుదలకు చోటు విడవాలి. వేసవిలో చక్కగా పనిచేసి, మృగశిర కార్తెలో మూగబోయే వ్యవస్థ రైతుకు భరోసా ఇవ్వలేదు. విత్తే వారంలో తడిసిన ఆకుల నడుమ నుంచి కూడా వర్షమానపు కొలత వేళకు చేరినప్పుడే ఆ అనుసంధానం నెలకొన్నట్టు లెక్క.